కంటి కింద వాపు తగ్గుతూ, మళ్ళీ వస్తూ: ఒక పిల్లి కేసు

పిల్లి ముఖం వాచిందని వచ్చే కేసుల్లో చాలావరకు పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పనుండదు. ఇంకో పిల్లి కరిచి ఉంటుంది, లోపల చీము పట్టి ఉంటుంది, చీము తీసి మందులిస్తే వారం పది రోజుల్లో మానిపోతుంది. ఈ కేసు అలా సాగలేదు. ఇందులో మందు ఇచ్చిన ప్రతిసారీ వాపు తగ్గింది. తగ్గుతోంది కాబట్టే అసలు కారణం కోసం ఎవరూ వెతకలేదు. పిల్లుల్ని పెంచేవాళ్ళకీ, కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన డాక్టర్లకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పెంచుకునే ఆవిడ అనుమతి తీసుకున్నాను, ఎవరో గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

మగపిల్లి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది, వయసు తొమ్మిదేళ్ళు. ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది, సాయంత్రాలు మాత్రం బయట తిరిగొస్తుంది. టీకాలు వేళకి వేయిస్తున్నారు. తినేది ముఖ్యంగా డ్రై ఫుడ్. ఇంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బులేవీ లేవు.

మొదటిసారి వాపు వచ్చిన వారంలోనే బయట పిల్లులు కొట్టుకున్న చప్పుడు విన్నామని ఆవిడ చెప్పారు. ఈ ఒక్క మాట కేసు మొత్తాన్ని ఒక దారిలోకి నెట్టేసింది. కొట్లాట జరిగింది, మూడు రోజులకి ముఖం వాచింది, కాబట్టి కాటే అని ఎవరైనా అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు, పిల్లి కాటుకి చీము పట్టడానికి మామూలుగా రెండు నుంచి ఐదు రోజులే పడుతుంది. కోరలు సన్నగా ఉంటాయి కాబట్టి పైన చర్మం త్వరగా మూసుకుపోతుంది, నోట్లో ఉండే పాశ్చురెల్లా లాంటి బ్యాక్టీరియా లోపలే ఉండిపోయి చీము చేస్తుంది.

ఇంకో విషయం మాత్రం నేను మళ్ళీ మళ్ళీ అడిగితే గానీ బయటికి రాలేదు. మొదటి వాపుకి కొన్ని నెలల ముందు పిల్లి ఎత్తు నుంచి దూకబోయి పట్టు తప్పి కింద పడిందట, నోటి దగ్గర కాస్త రక్తం కనబడిందట, మర్నాటికి మామూలుగా తినేసరికి అందరూ మర్చిపోయారు. ఆవిడ దృష్టిలో దానికీ వాపుకీ సంబంధం లేదు, అందుకే చెప్పలేదు. పెంచుకునేవాళ్ళు తమకి సంబంధం ఉందనిపించినవే చెబుతారు, మిగతావి మనం అడిగి రాబట్టుకోవాల్సిందే. ముఖం వాచిన పిల్లి విషయంలో "ఈ ఏడాదిలో ఎప్పుడైనా కింద పడిందా, దేనికైనా గుద్దుకుందా, నోట్లోంచి రక్తం వచ్చిందా" అన్న ప్రశ్న నేను తప్పకుండా వేస్తాను.

నా దగ్గరికి వచ్చేసరికి ఉన్న సమస్య

ఎడమ వైపు, ముక్కుకీ కంటికీ మధ్య, కంటి కింది రెప్పకి కొంచెం దిగువన వాపు. వేలితో నొక్కితే మధ్యలో మెత్తగా, అంచుల్లో గట్టిగా ఉంది. తాకనిస్తోంది గానీ నొక్కగానే తల పక్కకి లాక్కుంటోంది. ఎడమ కన్ను అదే పనిగా నీరు కారుతూ, కింద బొచ్చు తడిసి గోధుమరంగు చార కట్టింది. జ్వరం 39.7 డిగ్రీల సెల్సియస్ ఉంది, పిల్లికి మామూలుగా 38 నుంచి 39.2 లోపు ఉండాలి. బరువు 4.4 కిలోలు, అంతకు ముందు ఏడాది టీకా కార్డులో 4.9 అని రాసి ఉంది.

తింటోందా అని అడిగితే "తింటోంది డాక్టర్ గారూ, తిండికేం లోటు లేదు" అన్నారు. ఎలా తింటోందో ఫోన్‌లో వీడియో తీసి పంపమన్నాను. ఆ వీడియో ఈ కేసులో సగం పని చేసిపెట్టింది. పిల్లి తల కుడివైపుకి వంచి, గింజని కుడి దవడతోనే నములుతోంది. మధ్యమధ్యలో ఒక గింజ నోట్లోంచి జారి పడుతోంది, దాన్ని మళ్ళీ తీసుకోకుండా ఇంకోటి ఎత్తుకుంటోంది. కొన్ని గింజలైతే నమలకుండానే మింగేస్తోంది. గిన్నె ఖాళీ అవుతోంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పన్ను నొప్పి ఉన్న పిల్లి తిండి మానేస్తుందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది నొప్పి లేని వైపుకి మార్చుకుని తింటూనే ఉంటుంది. పూర్తిగా మానేసే దశకి వచ్చిందంటే అప్పటికే చాలా ఆలస్యమైందని అర్థం.

అప్పటికి చేసినవి, అవి ఎందుకు నిలబడలేదు

మొదటిసారి వాపు వచ్చినప్పుడు వేరే చోట చూపించారు. కాటు అనుకుని ఏడు రోజులు అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగో రోజుకే వాపు పోయింది. మూడు వారాలకి మళ్ళీ అదే చోట వచ్చింది. రెండోసారి సూదితో చీము లాగి, అదే మందు పద్నాలుగు రోజులు ఇచ్చారు. ఈసారి నెల పైన బాగుంది. మూడోసారి ఏదో పురుగు కుట్టి అలర్జీ వచ్చిందేమోనన్న అనుమానంతో ఎక్కువ రోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. వాపు రెండు రోజుల్లో దిగిపోయింది, పిల్లి కూడా హుషారుగా తిరిగింది. కొన్ని వారాల తర్వాత ఈసారి ఇంకాస్త పెద్దగా లేచింది.

ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూస్తే మొదటి రెండింటికీ కారణం ఉంది. మూడోదాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్ దాదాపు ఏ వాపునైనా తగ్గిస్తుంది. కుట్టిన వాపైనా, పంటి వాపైనా, చివరికి లింఫోమా అనే క్యాన్సర్ గడ్డైనా కొన్నాళ్ళు చిన్నదవుతుంది. అంటే స్టెరాయిడ్‌కి తగ్గిందన్న సమాచారంతో జబ్బేమిటో తేలదు. పైగా లింఫోమా అయితే ఆ తర్వాత తీసిన బయాప్సీ తప్పుదారి పట్టించవచ్చు, ఇన్ఫెక్షన్ అయితే ఒళ్ళు దాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది, కొన్ని పిల్లులకి షుగర్ కూడా వస్తుంది. ఇంకా ఒక చిక్కుంది: స్టెరాయిడ్ ప్రభావం ఒంట్లో ఉన్నన్నాళ్ళూ మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు ఇవ్వడం ప్రమాదం. అందుకే అది ఎప్పుడు వేశారో తేదీతో సహా పాత చీటీలు తెప్పించుకున్నాను.

పురుగు కుట్టిన వాపుకి ఒక లక్షణం ఉంటుంది, నిమిషాల్లోనో గంటల్లోనో వస్తుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే దిగుతుంది. మూడుసార్లు అదే పురుగు అదే చోట కుట్టదు కదా. ఆ మాటకొస్తే ఎదుటి పిల్లి కూడా ప్రతిసారీ సరిగ్గా అక్కడే కరవదు. ఒకే చోట తిరిగి తిరిగి వస్తోందంటే కారణం బయట నుంచి రావడం లేదు, ఆ చోటే లోపల ఉంది.

పరీక్ష, నా ఆలోచన

మెలకువగా ఉన్న పిల్లి నోరు చూడ్డానికి దొరికేది కొద్ది క్షణాలే. ముందు పై పెదవి ఎత్తి రెండు కోరల్నీ పక్కపక్కన పోల్చాను. కుడి కోర చివర సూదిగా ఉంది, ఎడమ కోర చివర ఒక మిల్లీమీటరు మేర లేదు, పన్ను రంగు కూడా కాస్త మసకబారి బూడిదగా ఉంది. దాని పైన చిగురు ఎర్రగా ఉంది. అంతే, అంతకు మించి కనబడలేదు. పన్ను కదలడం లేదు, నోటి లోపల చీము కారడం లేదు.

ఒక్క మిల్లీమీటరు విరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. మనిషి పంటి చివర ఆ మాత్రం విరిగితే నిజంగానే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. పిల్లి కోరలో అలా కాదు, పెన్సిల్‌లో ములుకులాగా నరం, రక్తనాళాలు దాదాపు చివరిదాకా వచ్చి ఉంటాయి. చిన్న ముక్క ఊడినా దారి తెరుచుకుంటుంది, నోట్లోని బ్యాక్టీరియా ఆ సన్నటి గొట్టంలోంచి వేరు కొస దాకా వెళ్తుంది. లోపలి నరం చచ్చిపోతుంది. అక్కడ రక్తప్రసరణ లేదు కాబట్టి యాంటీబయాటిక్ ఎంత మంచిదైనా పంటి లోపలికి చేరదు. చుట్టూ ఉన్న కండలో, ఎముకలో ఇన్ఫెక్షన్‌ని అణుస్తుంది, వాపు దిగుతుంది, మందు ఆపగానే పంటి లోపల దాక్కున్న బ్యాక్టీరియా మళ్ళీ మొదలుపెడుతుంది. ఆవిడ చెప్పిన చరిత్ర అక్షరాలా ఇదే.

మరి వాపు పంటి దగ్గర కాకుండా కంటి కింద ఎందుకు? పై కోరకి బయట కనిపించే భాగం కంటే లోపలి వేరు పొడవు, అది వెనక్కి వంగి పైకి వెళ్తుంది. పిల్లి మూతి పొట్టిది కాబట్టి ఆ కొస దగ్గర చీము పడితే పెంచుకునేవాళ్ళకి అది "కంటి కింద గడ్డ"గా కనబడుతుంది. కన్నీళ్ళని ముక్కులోకి తీసుకెళ్ళే సన్నటి నాళం కూడా ఆ వేరు పక్కనుంచే పోతుంది, అది నొక్కుకుపోతే కన్ను నీరు కారుతుంది. కంటి కింద వాపుకి ఇంకో పన్ను కూడా కారణం కావచ్చు, అది పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను, మూడు వేర్లుండేది. అది కూడా చూడాల్సిందే.

ఇంత బాగా సరిపోతున్నా మిగతా కారణాలని కొట్టేయలేదు. తొమ్మిదేళ్ళ పిల్లికి ముఖం మీద గడ్డ అంటే స్క్వామస్ సెల్ కార్సినోమా అన్న మాట మనసులో ఉండి తీరాలి. ఆ క్యాన్సర్ కూడా పళ్ళని వదులు చేస్తుంది, పైన ఇన్ఫెక్షన్ పట్టి చీము కారుతుంది, యాంటీబయాటిక్‌కి కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. ముక్కు దూలం ఉబ్బి, తుమ్ములు, చీమిడి ఉంటే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ గుర్తుకు రావాలి. ముక్కులో అడ్డేమైనా ఉందా అని చల్లటి గాజు స్లైడు ముక్కు ముందు పెట్టి చూశాను. రెండు రంధ్రాల నుంచీ ఆవిరి సమానంగా పట్టింది, అంటే రెండు వైపులా గాలి ఆడుతోంది. కనుగుడ్లని రెప్పల మీదుగా నెమ్మదిగా వెనక్కి నొక్కితే రెండూ ఒకేలా వెళ్ళాయి, నోరు తెరిస్తే విపరీతమైన నొప్పి లేదు, కాబట్టి కంటి వెనక చీము లేదనుకున్నాను. దవడ కింద ఎడమ వైపు లింఫ్ గ్రంథి (బిళ్ళ) కొంచెం పెరిగింది. బయట తిరిగే పిల్లి, తిరగబెట్టే ఇన్ఫెక్షన్, కాబట్టి పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ, ల్యుకీమియా వైరస్‌ల పరీక్షలు చేశాను, రెండూ నెగెటివ్. వాపులోంచి సన్న సూదితో తీసిన ద్రవంలో చీము కణాలు, బ్యాక్టీరియా కనిపించాయి, క్యాన్సర్ కణాలు కనబడలేదు. అయితే సూదికి దొరకనంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు. ఇదే మాట ఆవిడకీ చెప్పాను.

నా దగ్గర పని చేయనిది

ఆ రోజే మత్తిచ్చి పళ్ళకి ఎక్స్‌రేలు తీద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఇంతకుముందు వేరే పిల్లి మత్తులో చనిపోయిందట, ఆ భయం నాకు అర్థమైంది. పైగా రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. "కిడ్నీలు పాడైతే మత్తు తట్టుకోలేదు కదండీ" అని అడిగారు.

ఇక్కడ నాకు రెండు దారులున్నాయి. గట్టిగా పట్టుబట్టడం ఒకటి. జ్వరంగా ఉన్న, బరువు తగ్గిన, కాస్త నీరు తగ్గిన పిల్లిని ముందు కుదుటపరిచి తర్వాత చేయడం రెండోది. పిల్లి ఊపిరి, కన్ను బాగున్నాయి, తింటోంది, అంటే గంటల్లో తేల్చుకోవాల్సిన పరిస్థితి కాదు. రెండోదే ఎంచుకున్నాను, కానీ ఒక షరతు మీద. ఇది వైద్యం కాదు, గడువు మాత్రమే. మందు ఆపాక వాపు మళ్ళీ వస్తే ఇంకో కోర్సు అడగకూడదు, మత్తుకి ఒప్పుకోవాలి. ఆ మాట కేసు షీటులో రాసి ఇద్దరం చదువుకున్నాం.

మందుగా క్లిండామైసిన్ ఇచ్చాను, గాలి అవసరం లేని బ్యాక్టీరియా మీద, ఎముకలో బాగా పనిచేస్తుంది కాబట్టి. క్యాప్సూల్ వేసిన వెంటనే సిరంజితో కొద్దిగా నీళ్ళు పట్టించమని చెప్పాను. పిల్లి ఆహారనాళంలో మాత్ర ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది, డాక్సీసైక్లిన్‌తో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నొప్పికి బుప్రినార్ఫిన్ చుక్కలు చెంప లోపల, చిగుళ్ళ మీద వేశాం.

ఊహించినట్టే వాపు దిగింది. మందు ఆపిన పది పన్నెండు రోజులకి మళ్ళీ వచ్చింది. అయితే ఈ గడువు వృథా పోలేదు. ఒంట్లో నీరు సరిచేశాక క్రియాటినిన్ మామూలుకి వచ్చింది. అసలు మొదటి రోజే మూత్రం చిక్కదనం 1.045 పైన ఉంది. కిడ్నీలు మూత్రాన్ని అంత చిక్కగా చేయగలుగుతున్నాయంటే ఆ పెరుగుదల నీరు తగ్గడం వల్లే అయ్యే అవకాశం ఎక్కువని ఆవిడకి కాగితం మీద గీసి చూపించాను. రెండోసారి వచ్చిన అంకెలు చూశాక ఆవిడ టెన్షన్ తగ్గింది. ఈసారి తనే "చేసేయండి డాక్టర్ గారూ" అన్నారు.

పని చేసినది

ఆ రోజు పొద్దున ఇంట్లోనే గాబాపెంటిన్ ఇప్పించాం, దాంతో పిల్లి బెదరకుండా వచ్చింది. సెలైన్, శ్వాసనాళంలో ట్యూబు, బీపీ, ఒంటి వేడి, అన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి అదే పనిగా చూస్తూ ఉన్నారు. నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగు ఉండే పరికరం వాడలేదు. పిల్లి నోటిని బలంగా, ఎక్కువసేపు తెరిచి ఉంచితే మెదడుకీ కంటికీ రక్తం తీసుకెళ్ళే ధమని నొక్కుకుపోయి చూపు పోయిన సందర్భాలున్నాయి. చిన్న ప్లాస్టిక్ ముక్క అడ్డం పెడితే సరిపోతుంది, అదీ మధ్యమధ్యలో తీసేస్తూ ఉండాలి.

సన్నటి ప్రోబ్‌తో ఎడమ కోర చివర తడిమితే చుక్కంత నల్లటి రంధ్రంలో మొన దిగి ఆగింది. మిగిలిన పళ్ళన్నింటి మీదా అదే ప్రోబ్ జారిపోయింది. ఎక్స్‌రేలో వేరు కొస చుట్టూ ఎముక కరిగి గుండ్రటి నల్లటి నీడ కనిపించింది. ఆ నీడ అంచులు నున్నగా ఉన్నాయి, సరిగ్గా వేరు కొస చుట్టూనే ఉంది, పక్క పళ్ళ ఎముక బాగుంది. క్యాన్సర్ అయితే సాధారణంగా ఎముక చెదలు తిన్నట్టు అడ్డదిడ్డంగా పోయి ఉంటుంది. మాంసం కోసే పెద్ద పన్నులో ఏ తేడా లేదు. కింది దవడలో ఒక చిన్న పన్ను మాత్రం లోపల కరిగిపోతూ, ఆ గుంతలోకి చిగురు పెరిగి ఉంది. పిల్లుల్లో ఇది చాలా మామూలు, నొప్పి బాగా పెడుతుంది, పైనుంచి చూస్తే తెలియదు. అలాంటిది దొరికితే తీసేయడానికి ముందే అనుమతి తీసుకున్నాను, మళ్ళీ ఇంకోసారి మత్తు ఇవ్వాల్సిన పని ఉండదని.

కోరకి రూట్ కెనాల్ చేసే వీలు కూడా ఉంది, అది నిజాయితీగా చెప్పాల్సిన విషయం. కోర ఉంచుకోవచ్చు. కానీ దానికి ఆ పనిలో నిపుణులైనవాళ్ళు కావాలి, తర్వాత పన్ను ఎలా ఉందో చూడ్డానికి మళ్ళీ మత్తిచ్చి ఎక్స్‌రేలు తీయాలి, ఎముక ఇంత కరిగాక ఫలితం మీద అంత ధీమా ఉండదు. ఒకసారి మత్తుకే ఇంత భయపడిన ఇంటికి అది సరిపడదనిపించింది. పిల్లి కోర లేకుండా హాయిగా బతుకుతుంది.

చిగురు తెరిచి, వేరు మీద ఎముక కొంత తీసి, తొందరపడకుండా కోరని వేరుతో సహా పూర్తిగా తీశాం. బలం పెట్టి లాగితే వేరు విరిగి లోపల ఉండిపోతుంది, అప్పుడు వాపు మళ్ళీ మొదలు. పై కోరకీ ముక్కుకీ మధ్య ఎముక చాలా పల్చగా ఉంటుంది, అది చిల్లుపడలేదని చూసుకున్నాం. వేరు కొస దగ్గర్నుంచి బూడిదరంగు కండ, చిక్కటి చీము వచ్చాయి. ఆ కండని బయాప్సీకి పంపాం. కారణం కళ్ళెదుటే కనబడుతుంటే బయాప్సీ ఎందుకని నా దగ్గర పనిచేసే జూనియర్ అడిగాడు. విరిగిన పన్ను ఉన్న పిల్లికి క్యాన్సర్ ఉండకూడదన్న నియమం లేదు, గుంత కుట్టేశాక మళ్ళీ ఆ కండ దొరకదు. రిపోర్టు ఇన్ఫెక్షన్, వాపు అనే వచ్చింది, క్యాన్సర్ లేదు.

తీసిన తర్వాత మరో ఎక్స్‌రే తీసి ముక్కలేవీ మిగల్లేదని చూసుకుని, కరిగిపోయే దారంతో చిగురు లాగినట్టు కాకుండా వదులుగా కుట్టాం. స్టెరాయిడ్ వేసి నెలలు గడిచాయి, కిడ్నీ అంకెలు బాగున్నాయి, కాబట్టి కొద్ది రోజులు రోబెనాకాక్సిబ్ అనే నొప్పి మందు (మెలాక్సికామ్ రకానిదే) ఇవ్వగలిగాను. యాంటీబయాటిక్ కొద్ది రోజులకే ఆపేశాను, ఇన్ఫెక్షన్‌కి మూలమైన పన్ను పోయాక దాన్ని పొడిగించడానికి కారణం లేదు. రెండు వారాలు మెత్తటి తిండి.

ఆ సాయంత్రమే పిల్లి తడి ఫుడ్ తింది. వాపు మూడు రోజుల్లో పోయింది, కంటి నీరు ఆగింది. రెండు వారాలకి చిగురు మానింది. రెండు నెలలకి బరువు 4.8 కిలోలు. ఎనిమిది నెలలు దాటింది, వాపు తిరిగి రాలేదు. మొదటి నెల తర్వాత ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది: "ముసలైపోయింది, అందుకే ఆడుకోవట్లేదనుకున్నామండీ. ఇప్పుడు మళ్ళీ తాడు పట్టుకుని లాగుతోంది." నొప్పితో ఉన్న పిల్లి మూలగదు, ఆట మానేస్తుంది.

ఒక్క విషయం ఇంకా గమనిస్తున్నాం. పై కోర పోయాక పై పెదవి కాస్త లోపలికి వెళ్తుంది, కింది కోర మొన దానికి తగులుతోంది. ఇప్పటికి చిన్న నొక్కుడు గుర్తే, పుండు లేదు. పుండు పడితే కింది కోరని పొట్టి చేయాల్సి రావచ్చు, అయితే ఊరికే కత్తిరిస్తే మళ్ళీ నరం తెరుచుకుని ఇదే కథ అక్కడ మొదలవుతుంది, కాబట్టి నరం కప్పే వైద్యంతో కలిపే చేయాలి.

ఈ కేసు నుంచి తీసుకోవలసినవి, ఎప్పుడు పరుగెత్తాలి

డాక్టర్లకి చెప్పేది ఒక్కటే: ముఖం మీద అదే చోట వాపు రెండోసారి వస్తే మందు మార్చే ముందు మత్తిచ్చి నోరు చూడాలి, పళ్ళకి ఎక్స్‌రే తీయాలి. వాపు తగ్గడాన్ని నయం కావడం కింద లెక్కేయకూడదు.

పెంచుకునేవాళ్ళకి కొంచెం ఎక్కువ చెప్పాలి. ముఖం వాచిన పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్ళు తెల్లగానో నీలంగానో గోధుమరంగులోనో మారినా, వాపు కళ్ళముందే పెరుగుతూ వాంతులు, నీరసం తోడైనా, కన్ను ముందుకి పొడుచుకొచ్చి రెప్ప మూతపడకపోయినా, పాము కరిచిందేమోనన్న అనుమానం ఉన్నా, అది రాత్రయినా సరే వెంటనే వెళ్ళాల్సిన కేసు.

ముఖంతో పాటు పాదాలు కూడా వాచి, చిగుళ్ళు బురదరంగులో ఉంటే నేను మొదట అడిగే ప్రశ్న "పారాసిటమాల్ ఏమైనా వేశారా?" అని. పిల్లి కాలేయం ఆ మందుని సరిగ్గా విరగ్గొట్టలేదు, రక్తం ఆక్సిజన్‌ని మోయలేని స్థితికి వస్తుంది. మనుషులు వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. వాపు చూసి జాలిపడి ఇంట్లోవాళ్ళే ఇస్తారు, ఆ తర్వాత వాపు పెరిగితే పాత జబ్బే ముదిరిందనుకుంటారు. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, అందుకే ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు. ఐబుప్రోఫెన్ కూడా ఇవ్వకూడదు.

ఇవేవీ లేకుండా వాపు ఉంది, పిల్లి నీరసంగా ఉంది, ఒళ్ళు వేడిగా ఉంది, చీము కారుతోంది, లేదా ఒక పూట కాదు ఒక రోజంతా తినలేదు అంటే ఆ రోజే, మహా అయితే మర్నాడు చూపించాలి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది. హుషారుగా ఉండి తింటున్నా సరే, వాపు ఒక రోజు దాటి ఉంటే చూపించండి. నొప్పి లేదు, గట్టిగా ఉంది, వారాల తరబడి మెల్లగా పెరుగుతోంది అంటే నొప్పి లేదు కదా అని ఆగకండి, పెద్ద వయసు పిల్లిలో ఆ రకం గడ్డకే నేను ఎక్కువ భయపడతాను. గడ్డం కిందో, కింది పెదవో ఉబ్బడం చాలాసార్లు మొటిమల వల్లో ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమా అనే క్యాన్సర్ కాని వాపు వల్లో అవుతుంది, అది అంత తొందర కాదు, అయినా చూపించుకోవాలి.

ఇంట్లో గడ్డని నొక్కి చీము తీసే ప్రయత్నం చేయొద్దు, చీము లోపలి పొరల్లోకి పాకుతుంది, మీ చేతికి కాటూ పడుతుంది. మిగిలిపోయిన పాత యాంటీబయాటిక్ వేయొద్దు, అరకొర మోతాదుతో వాపు దిగి మాకు దొరకాల్సిన ఆధారం పోతుంది. దానికి బదులు వాపు ఎక్కువగా ఉన్న రోజునే వెలుతురులో ముందు నుంచి, పై నుంచి ముఖం ఫోటోలు తీయండి, తినేటప్పుడు వీడియో తీయండి, ఇంతకుముందు ఏ మందు ఎన్ని రోజులు ఇచ్చారో, ఆపాక ఎన్నాళ్ళకి వాపు తిరిగొచ్చిందో రాసి పెట్టుకోండి. క్లినిక్‌కి వచ్చే రోజుకి వాపు దిగిపోయినా రావడం మానొద్దు, ఆ ఫోటోలు పట్టుకుని రండి.